లోపల నరాల పని నడుస్తున్నది

రాధాకుమారి నరాల దవాఖాన పెట్టిందట. సూది లేదట, గోళీ లేదట, ఊరికే కాలు తీసుకపోయి మిషనుకు ఆనిస్తే చాలట, ఝుమ్మని నరాలన్నీ సాపైతయట. కిషన్‌లాల్ బట్టల దుకాణం మెట్ల మీద ఎవరో ఈ మాట అంటుంటే దేవ్లి చెవిన పడింది. దేవ్లి కూరగాయల గంపతోపాటు దాన్నీ నెత్తిన పెట్టుకుని బాన్సువాడలో నాలుగు వాడలు తిరిగి, ఆఖరికి మాధురి గడప దగ్గర అరకిలో వంకాయలతో కలిపి దించిపోయింది. మాధురి మర్నాడు పొద్దున్నే ప్రహరీ గోడ మీదుగా ఆ మాటను తీసుకెళ్లి, అది ఎవరి గురించి పుట్టిందో వాళ్లకే అందించింది.

"ఏం అక్కా, మాకు ఒక్కమాట చెప్పకపోతివి. మా అత్తమ్మకు మోకాలు పట్టేసి ఆర్నెల్లాయె. పక్కింటోళ్లను ముందుగాల చూడాలె గదా!"

రాధాకుమారి పళ్లు తోముకుంటున్నదల్లా ఆగిపోయింది.

"దవాఖానా? నేనా?"

"గా తౌహీద్ నెట్ సెంటర్ల. అద్దం మీద రాసి ఉన్నదట గద, ఎర్రటి అక్షరాల."

నోట్లో నురగ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రాధాకుమారి నోటి నుంచి ఆ పొద్దున ఏం మాట వచ్చి ఉండేదో.

సంగతి ఇది. రాధాకుమారి వర్ని పక్క క్యాంపు పిల్ల. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి నిజాంసాగర్ కాలువ కిందికి వచ్చి మళ్లు చేసుకున్న కుటుంబం. మొగుడు ఏడుకొండలు ఇప్పటికీ పొద్దున్నే బండి వేసుకుని వర్ని పొలానికి పోయి చీకటిపడి వస్తాడు. ఆమె బాన్సువాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. చెబుతూనే ఆరేళ్ల కింద హైదరాబాదులో పీహెచ్‌డీకి పేరు రాయించుకుంది. ఆరేళ్లలో రెండుసార్లు గడువు పెంచారు. ఇక పెంచేది లేదని ఉత్తరం వచ్చింది. రెండువేల నాలుగు ఆగస్టు ముప్పై ఒకటి లోపల ఫలితాలు, వాటి కింద గైడు సంతకం చేరాలి. లేదంటే ఆరేళ్లూ గంగలో కలిసినట్టే.

ఆమె పట్టుకున్న విషయం వినడానికి చిత్రంగా ఉంటుంది. మనిషి మెదడు ఒక చిన్న బల్బుకు సరిపోయే కరెంటుతో నడుస్తుంది. ఆ పాటి కరెంటుతోనే మనిషి ముఖాలు గుర్తుపడతాడు, అబద్ధాలు ఆడతాడు, అప్పిచ్చినవాడిని చూసి సందు మారతాడు. కంప్యూటర్ అంతకు పది పదిహేను రెట్లు తాగి కూడా అందులో ఒక్క పనీ సరిగా చేయలేదు. అందుకని మెదడులోని నరాల మాదిరిగా నడిచే కంప్యూటర్లు చేయాలని పెద్ద పెద్ద దేశాల్లో కుస్తీ పడుతున్నారు. రాధాకుమారి కూడా తన వంతు వేయి నరాలను కంప్యూటర్లో అల్లింది. ఒక నరం కొట్టే దెబ్బను మిగతావి వింటాయి. వినగా వినగా అవి తమంతట తాము జట్లు కట్టుకుంటాయా లేదా అన్నది ఆమె ప్రశ్న. తేలాలంటే ఆ వేయి నరాలను ఒక గంటసేపు బతికించి చూడాలి.

గంటే కదా అనుకోవద్దు. గైడు సాంబమూర్తి గారు చెప్పిన పద్ధతిలో ఒక్కో నరానికీ సోడియం పోయే తలుపులు, పొటాషియం పోయే తలుపులు ఉంటాయి. ఏ తలుపు ఎంత తెరుచుకుంది, ఎంత మూసుకుంది అని సెకనును లక్ష ముక్కలు చేసి ముక్కముక్కకూ లెక్కగట్టాలి. దాంతో మెదడులో ఒక సెకను గడవడానికి కంప్యూటర్ పెట్టెలో పది నిమిషాలు పడుతుంది. గంట గడవాలంటే ఆరువందల గంటలు. బాన్సువాడలో కరెంటు రోజుకు సగమైనా ఉంటే గొప్ప కాబట్టి యాభై రోజులు. ఈ లెక్క వేసుకున్న నాటికి ఆమె చేతిలో యాభై నాలుగు రోజులున్నాయి.

దీనికంటే చవకైన నమూనాలు అప్పటికే వచ్చాయి. అవి నరం లోపలి తలుపుల జోలికే పోవు. ఒత్తిడి ఎంత పెరిగింది, అలసట ఎంత ఉంది అన్న రెండే రెండు అంకెలు చూస్తాయి. ఒత్తిడి గీత దాటిందా, నరం కొట్టినట్టు. వెంటనే ఒత్తిడిని కిందికి దించి, అలసటను కాస్త పెంచి మళ్లీ మొదలు. మెదడులో గంటకు పెట్టెలో గంటంబావు చాలు. బాన్సువాడ కరెంటు ఒక్క విడత ఉన్నా పని అయిపోతుంది. రాధాకుమారి ఈ మాట గైడుగారికి ఎస్టీడీ బూతు నుంచి చెప్పింది.

"తలుపుల్లేని నరం నరమేమిటమ్మా, బొమ్మ!" అన్నారాయన.

"సార్, కరెంటు ఉండటం లేదు సార్ ఇక్కడ."

"మీ ఊళ్లో కరెంటు లేకపోవడం శాస్త్రం తప్పు కాదు."

ఆ మాటతో ఫోను పెట్టేసి, బిల్లు కట్టి, ఆవిడ తలుపులున్న నరాలనే నడపడానికి సిద్ధమైంది.

ఇంట్లో పెట్టె పాతది. అందుకని బస్టాండు ఎదురు సందులో తౌహీద్ నెట్ సెంటర్లో మూలనున్న మంచి కంప్యూటర్ను రెండు నెలలకు కిరాయికి మాట్లాడుకుంది. దానికి గట్టి స్టెబిలైజరు ఉంది, నలభై నిమిషాలు మోసే ఇన్వర్టరు ఉంది. కరెంటు పోతే ఆ నలభై నిమిషాల్లో లెక్కను ఎక్కడికక్కడ దాచిపెట్టి, వచ్చాక మళ్లీ అందుకునేలా ప్రోగ్రాం రాసుకుంది. ఎవరూ ముట్టకుండా మానిటరు మీద ఒక కాగితం అంటించింది: "నరాల లెక్క నడుస్తోంది. ఆపవద్దు."

కాగితంతో ఊరుకుంటే బాగుండేది. తౌహీద్ కుర్రాడు మంచివాడే గానీ పని కాస్త ఎక్కువ చేస్తాడు. కాగితం చిన్నగా ఉంది, పరీక్ష ఫలితాలు చూసుకునే పోరగాళ్లు చదవకుండా మీట నొక్కేస్తారేమోనని బండ్ల మీద నంబర్లు అతికించేవాడి దగ్గరికి పోయి రేడియం అక్షరాలు కోయించాడు. పెట్టె మీద పట్టవు గనక తెచ్చి వీధి అద్దం మీద అతికించాడు: "లోపల నరాల పని నడుస్తున్నది."

బస్సు దిగిన ప్రతివాడికీ ఆ ఎర్రక్షరాలే ముందు కనిపిస్తాయి. ఎవడికి లేవు నరాలు ఈ లోకంలో?

మొదట వచ్చింది తౌహీద్ నాయనమ్మ బషీరున్నిసాయే. డెబ్బై ఏళ్ల మనిషి, చక్కెర జబ్బు, కాళ్లు రెండూ తిమ్మిర్లు. వచ్చి స్టూలు లాక్కుని కూర్చుని, చెప్పు విడిచి, కుడికాలును బల్ల కింది స్టెబిలైజరుకు ఆనించింది. అది వేడిగా ఉంటుంది, సన్నగా అదురుతుంది.

"హాయిగుంది బేటీ. ఝుమ్మంటుంది. మంచి మిషను తెచ్చినవ్."

"అది మిషను కాదు అవ్వా, కరెంటుది. కాలు తీయండి."

"కరెంటేనా? మెల్లగ పెట్టినవ్ గదా, ఇగ ఫికర్ లేదు."

తిరిగి కాలు పెట్టింది. మూడో నాటికి ఆమె పక్కన దేవ్లి. ఐదో నాటికి మాధురి అత్తగారు. తౌహీద్ వాళ్లను వద్దనకపోగా ఇంకో రెండు స్టూళ్లు తెచ్చి వేశాడు.

"ఏంట్రా ఇది తౌహీద్?" అని రాధాకుమారి గుడ్లురిమింది.

"నేనేం జెయ్యాలె అక్కా? పెద్దోళ్లు. పొమ్మంటే దాదీ నన్ను ఇంట్ల తిననిస్తదా? మీ లెక్క మీది, వాళ్ల కాలు వాళ్లది. రెండూ నడుస్తయి."

ఆడవాళ్లతో పోయిందా అంటే అదీ లేదు. నరాలు అనగానే మగవాళ్లకు ఒకటే గుర్తొస్తుంది. బస్టాండు గోడల నిండా నరాల బలహీనత పోస్టర్లే. లాడ్జిలో నెలకోసారి దిగే వైద్యుడికి ఉన్న గిరాకీ పట్నం డాక్టరుకు ఉండదు. ఒక మధ్యాహ్నం స్టూళ్లు ఖాళీగా ఉన్నవేళ రూప్లా అనే ట్రాక్టర్ డ్రైవరు వచ్చి, రుమాలు నలుపుతూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏం కావాలన్నా?"

"ఏం లేదు మేడం... మొగ డాక్టర్ సాబ్ లేడా?"

"ఇక్కడ డాక్టరు ఎవరూ లేరు."

"ఎప్పుడొస్తడు?"

"రాడు!"

రూప్లా పాపం, ముఖం మాడ్చుకుని పోయాడు. తౌహీద్ జిరాక్స్ మిషను వెనక తల దాచుకుని కిందామీదా పడి నవ్వాడు. రాధాకుమారి ఆ సాయంత్రమే అద్దం మీది అక్షరాలను గోటితో గీకి పీకబోయింది. రేడియం స్టిక్కరు ఊడితేనా? "లోపల" అన్న మాట మాత్రం ఊడింది. దాంతో సంగతి ఇంకా అన్యాయమైంది.

ఇంట్లో ఏడుకొండలు పొద్దుగూకి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగేవాడు.

"ఎంతవరకు వచ్చాయి నీ నరాలు?"

"పదిహేడు నిమిషాలు అయింది."

"పొద్దుటినుంచీ?"

"రెండు వారాల నుంచీ."

"నీ నరాల మాట ఏమో గానీ రాధా, నావి మాత్రం తెగిపోయేట్టున్నాయి. నాట్లకు మనుషులు దొరక్క నేనేడుస్తుంటే దారిలో ఎవడు కనబడ్డా 'మేడంను అడిగి మా అమ్మకు ముందు నంబరు ఇప్పించు' అంటాడు."

పంతొమ్మిదో రోజు మెదడులో ఇరవై మూడో నిమిషం నడుస్తోంది. పొద్దున పదకొండుకు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ప్రోగ్రాం లెక్కను దాచిపెట్టుకుంటోంది. పాత ఫైలు మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. రెండు ఫైళ్లు మార్చి మార్చి రాసుకోవాలన్న ఇంగితం ఆ రోజు తనకు ఎందుకు లేకపోయిందని రాధాకుమారి తర్వాత ఎన్నిసార్లు నెత్తి కొట్టుకుందో లెక్కలేదు. సరిగ్గా ఆ రాస్తున్న అర నిమిషంలో బషీరున్నిసా కాలు మార్చుకుంది. ఎడమకాలు పోయి తీగలో పడింది. తీగతోపాటు ఇన్వర్టరు నుంచి పెట్టెకు పోయే ప్లగ్గు ఊడొచ్చింది. తెర నల్లబడింది.

మళ్లీ పెట్టి చూస్తే ఫైలు సగమే ఉంది. సగం ఫైలు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మళ్లీ మొదటి సెకను నుంచి మొదలెట్టాలి. చేతిలో ఉన్నవి ముప్పై ఐదు రోజులు. కావలసినవి యాభై.

రాధాకుమారి లేచి నిలబడింది. ఆమె గొంతు బస్టాండు దాకా వినబడి ఉంటుంది.

"ఎన్నిసార్లు చెప్పాను అవ్వా! పెట్టొద్దు, పెట్టొద్దు, అక్కడ కాలు పెట్టొద్దని! నీకు తీగ తగలడం కూడా తెలియలేదా? అంత తీగ!"

బషీరున్నిసా కాలి వంక చూసుకుంది. వేళ్ల సందున తీగ ఇంకా ఇరుక్కునే ఉంది.

"తెలిస్తే నీ తానకు ఎందుకొస్త బేటీ? గదే గదా నా బీమారి."

తౌహీద్ వంగి నాయనమ్మ కాలి నుంచి తీగను మెల్లగా విడదీశాడు. రాధాకుమారి కుర్చీలో కూలబడి, కరెంటు వచ్చేవరకు గోడమీద తిరగని ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది.

కరెంటు రెండింటికి వచ్చింది. వచ్చీరాగానే ఆమె ఎవరినీ అడగలేదు. తలుపులున్న నరాలను పక్కన పడేసి, రెండంకెల చవక నరాన్ని రాసింది. ముఖ్యమైన భాగమంతా కలిపి ఒక పేజీ కూడా రాలేదు. అవే వేయి నరాలు, అదే అల్లిక. మూడింటికి మీట నొక్కింది, నాలుగుంబావుకు గంట నడక పూర్తయింది. మధ్యలో బషీరున్నిసా నమాజుకని లేచింది, ప్రోగ్రాం ఆగలేదు. దేవ్లి మిగిలిన టమాటలు అమ్ముకొస్తానని పోయి అమ్ముకునే వచ్చింది, ఆగలేదు. పంతొమ్మిది రోజులుగా వేళ్లు కొరుక్కుంటూ కాపలా కాసిన మనిషికి ఆ గంటంబావు నమ్మబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు కాపలా కాశానా అని మంట కూడా పుట్టింది.

ఇక మిగిలింది పోల్చి చూడటం. పాత లెక్కను నిమిషానికొక కాగితం చొప్పున ఆమె ఏ రోజుకారోజు అచ్చు తీసుకుంది. ఏ నరం ఏ క్షణాన కొట్టిందో అక్కడొక చుక్క ఉంటుంది, అంతే. పన్నెండో నిమిషం పాతదీ కొత్తదీ తీసి పక్కపక్కన పెట్టింది. చుక్కకు చుక్క కలవలేదు, కలవదని ఆమెకు ముందే తెలుసు. కానీ నడక ఒకటే. అదే గుంపులు కట్టడం, అదే కొట్టి అలసి ఆగడం. ఇరవై మూడు నిమిషాలకూ అదే తీరు. మిగతా ముప్పై ఏడు నిమిషాల్లో నరాలు జట్లు కట్టుకోవడం కూడా కంటికి కనబడేంత స్పష్టంగా వచ్చింది.

రాధాకుమారి వీటన్నింటికీ జిరాక్సులు తీసి, కుట్టి, కవరు చేసి గైడుగారికి పోస్టులో వేసింది. పది రోజులైనా జవాబు లేదు. ఫోను చేస్తే "వస్తున్నానుగా, అప్పుడు చూద్దాం" అన్నారు సాంబమూర్తి గారు. ఆగస్టు మూడో వారంలో రాధాకుమారి కాలేజీ తనిఖీకి యూనివర్సిటీ నుంచి వచ్చే కమిటీలో ఆయనా ఉన్నారట.

వచ్చారు. కాలేజీలో భోజనం చేసి, ఎండ తగ్గాక తెల్ల సుమోలో నెట్ సెంటరు ముందు దిగారు. తౌహీద్ ఎదురుపోయి "డాక్టర్ సాంబమూర్తి సార్ వచ్చిండు" అని లోపలికి కేకేశాడు. అదే పొరపాటు. స్టూళ్ల మీదున్న నలుగురూ లేచి నిలబడ్డారు. దేవ్లి అయితే చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని మడమ చూపించింది.

"గీడ సార్. గీడికెళ్లి నడుము దాక గుంజుతది."

"ఎవరమ్మా మీరు? ఏమిటిది రాధాకుమారీ, వీళ్లంతా ఎవరు?"

"ఏం లేదు సార్. కూర్చోండి. దేవ్లమ్మా, ఆయన ఆ డాక్టరు కాదు, కూర్చో."

"మరి ఏ డాక్టర్?"

"లెక్కల డాక్టరు!"

దేవ్లి కుచ్చెళ్లు వదిలేసి, మోసపోయినదానిలా ఆయన్ను కిందినుంచి మీదిదాకా చూసి కూర్చుంది.

రాధాకుమారి సంతకం కాగితం, రెండు అచ్చు కాగితాలు బల్లమీద పెట్టింది. ఇక పన్నెండే రోజులు.

"సార్, ఈ రెండింటిలో తలుపులున్న నరం ఏదో మీరే చెప్పండి."

సాంబమూర్తి గారు కళ్లద్దాలు సవరించుకుని రెండింటినీ వెలుతురుకు పట్టి చూశారు. ఎడమచేతి కాగితాన్ని వేలితో కొట్టారు.

"ఇది. చూశావా, ఇందులో ప్రాణం ఉంది. రెండోది బొమ్మ. నేను చెప్పలా?"

రాధాకుమారి ఎడమ కాగితం వెనక్కి తిప్పింది. వెనక పెన్సిలుతో "చవక" అని ఉంది.

తౌహీద్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సాంబమూర్తి గారి చెవులు ఎర్రబడ్డాయి.

"అది కాదమ్మా ప్రశ్న. ఒకలా కనబడినంత మాత్రాన ఒకటే అయిపోతుందా? తలుపులేవి ఇందులో?"

"మనం అడిగిన ప్రశ్నకు తలుపులు అక్కర్లేదు సార్. నరానికి మందు కనిపెట్టాలంటే తలుపులు కావాలి. నరాలు జట్టు కడతాయా లేదా చూడాలంటే అది ఎప్పుడు కొట్టిందో తెలిస్తే చాలు. రేపు దీన్ని చిన్న చిప్పు మీదికి ఎక్కించాలంటే ఈ చవకదే ఎక్కుతుంది. మీరు చెప్పినదాన్ని ఎక్కించాలంటే ఊరంత చిప్పు కావాలి."

"పూర్తి లెక్కతో గంట నడిపించు, సంతకం పెడతాను."

"యాభై రోజులు పడుతుంది సార్. పన్నెండే ఉన్నాయి."

"అందుకు నేనేం చేయను? కష్టపడకుండా శాస్త్రం రాదు." ఆయన స్టూళ్ల మీదివాళ్ల వైపు తిరిగారు, క్లాసులో పిల్లల వైపు తిరిగినట్టు. "మా రోజుల్లో ఈ కంప్యూటర్లు ఎక్కడివి? నేను ఒక్క నరాన్ని, ఒక్క సెకను, చేత్తో తిప్పే లెక్కల మిషను మీద మూడు నెలలు తిప్పి లెక్కగట్టాను. తలుపులన్నీ పెట్టి! దాంతో నాకు డాక్టరేట్ వచ్చింది. ఇప్పటివాళ్లకు అన్నీ గంటలో కావాలి. గంటంతా పూర్తిగా నడపకుండా డాక్టరేట్ ఎవరిస్తారమ్మా, మీరే చెప్పండి?"

ఊరికే అన్న మాట అది. జవాబు కోసం అన్నది కాదు. బషీరున్నిసా మాత్రం స్టెబిలైజరు మీది నుంచి కాలు తీసి, చేత్తో వెతుక్కుని చెప్పులోకి దూర్చుకుని, ఆయన ముఖంలోకి చూసింది.

"ఒక్క సెకనుకే మీకిచ్చినోళ్లు ఎవరో అడ్రస్ చెప్పుండ్రి సాబ్. బేటీని గాళ్ల తాననే తోలిస్తం."